కనేలా ఆగే మలుపు

కచోరా నుంచి తెల్లారకముందే బయల్దేరాం.
ఆరుగురు అతిథులు, గైడు ఎవారిస్తో,
వంటావిడ సతుర్నినా, నాలుగు కంచరగాడిదలు,
వాటి వెనక నేను.
నా పేరు ఎవరూ అడగరు. అడిగితే చెప్తాను:
నికాసియో. మా నాన్నా నికాసియోనే.
జంతువు అడుగును బట్టి మన అడుగు వెయ్యడం
ఆయన దగ్గరే నేర్చుకున్నాను.

మొదటిరోజంతా దిగడమే.
దిగడం తేలికనుకుంటాయి పట్నం మోకాళ్లు.
మధ్యాహ్నానికి అవే నిజం ఒప్పుకుంటాయి.
లోయ అడుగున అపూరిమాక్ రాళ్లు రుబ్బుతూనే ఉంది.
మా భాషలో ఆ పేరుకి మాట్లాడే దేవుడని అర్థం.
ఏం మాట్లాడుతుంది, అనడిగాడు ఒకాయన.
వినేవాళ్లను బట్టి, అన్నాను.
నిజం చెప్పాలంటే ఆ రాత్రంతా
నాకు దోమల రొదే వినబడింది.

రెండోరోజు ఎక్కడం.
నది దగ్గర పోగొట్టుకున్న ఎత్తునంతా
వడ్డీతో సహా కొండకి తిరిగి కట్టాలి.
పొడుగాటి టీచరమ్మ, పేరు వీబ్కె,
బూటు విప్పి లోపలి రక్తం చూసి
ఏడవలేదు, నవ్వింది.
ఆవిణ్ణి కనేలా మీద ఎక్కించాను.
కనేలా అంటే దాల్చినచెక్క.
రంగూ అదే, ఘాటూ అదే.

పద్దెనిమిదో మలుపులో కనేలా ఆగింది.
ఎవారిస్తో అదిలించాడు. సతుర్నినా బతిమాలింది.
నేను గమ్మున తాడు వదులు చేశాను.
నాకు తెలుసు.

అక్కడొక మట్టిగోడ, సగం కప్పు,
రేకు తలుపుకి తాళం, తాళానికి తుప్పు.
దోన్యా ఎపిఫానియా ఇల్లు.
దారినపోయేవాళ్లకి నలభై ఏళ్లు చిచా పోసింది,
మొక్కజొన్న మొలకల్ని పులియబెట్టిన పచ్చటి నురగ.
మనిషికి గ్లాసెడు, గాడిదకి దోసెడు పిప్పి.
మనుషుల దగ్గర చిల్లర లెక్కపెట్టి తీసుకునేది.
కనేలా దగ్గర ఏమీ తీసుకునేది కాదు,
ముట్టె మీద ఒకసారి చెయ్యి తుడుచుకునేది, అంతే.
రెండేళ్ల కిందట వానల్లో
కూతురొచ్చి అబాంకాయ్ ఆస్పత్రికి తీసుకుపోయింది.
ఆ తర్వాత సంగతి
కనేలాకి ఎవరూ చెప్పలేదు.
నాకు చెప్పే భాష లేదు.

ఎంతసేపు, అంది వీబ్కె.
ఒక మనిషి ఒక గ్లాసు తాగేంతసేపు, అన్నాను.
ఆవిడ దిగలేదు. గడియారం చూడలేదు.
దాని చెవుల మధ్య అరచెయ్యి ఆనించి కూచుంది.
కనేలా తలుపు వైపు చూసి చూసి
ఫుర్రుమని
తనంతట తనే కదిలింది.

మూడోరోజు పొద్దున మంచు విడిచింది.
చోకెకిరావ్.
కింద వెడల్పు, పైన ఇరుకు ద్వారాలు.
కొండవాలు మెట్ల గోడల్లో
తెల్లరాళ్లు పొదిగి చేసిన లామాలు,
ఒకదాని వెనకొకటి పైకే నడుస్తూ
ఇన్ని వందల ఏళ్లైనా ఇంకా చేరుకోనివి.
ఎవారిస్తో చేతులు చాచి
రాజుల్నీ యుద్ధాల్నీ స్పెయిన్ గుర్రాల్నీ చెప్తున్నాడు.
ఇక్కడివాళ్లంతా ఎందుకు వెళ్లిపోయారు, అన్నారెవరో.
దానికి ఎవారిస్తో దగ్గర మూడు సిద్ధాంతాలున్నాయి.
మూడూ చెప్పాడు.

నేను ఒక గాటు కోసం వెతుకుతున్నాను.
ఈ గోడల మీద పొదలు కొట్టిన కూలీల్లో మా తాతొకడు.
నాచు గీకుతుంటే కత్తి జారి
ఒక లామా కాలికి తగిలిందట.
చచ్చేదాకా ఆ కాలిని తలుచుకుని బాధపడ్డాడు.
ఎన్నిసార్లు వచ్చినా ఆ గాటు నాకు దొరకలేదు.

వీబ్కె కుంటుతూ వచ్చి పక్కన కూచుంది.
ఎపిఫానియా చిచా పుల్లగా ఉండేదా, తియ్యగానా?
చాలాసేపు ఆలోచించాను.
నాలుక మర్చిపోయింది. సిగ్గేసింది.
రెండో గ్లాసు తియ్యగా ఉండేది, అన్నాను.

తిరుగుదారిలో ఆ మలుపు రాకముందే
సతుర్నినాని అడిగి గుప్పెడు మొక్కజొన్న
జేబులో వేసుకున్నాను.
కనేలా ఆగింది. చెయ్యి చాపాను.
వాసన చూసింది. నన్ను చూసింది.
ముట్టలేదు.

గింజలు రేకు తలుపు ముందు పోసి
తాడు వదులు చేశాను.