పద్నాలుగో ప్రశ్న

ప్రజారోగ్యం, రెండో సెమిస్టరు.
నా సంచిల ముప్పై ఆరు ఫారాలు,
ఒక బీపీ మిషను, కొలత టేపు,
ఆటోల ఎవరో ముసలాయన ఇచ్చిన జామకాయ.

ఎనుమాముల యార్డుల మార్చి నెల.
ఎరుపు తప్ప ఇంకో రంగు లేదు.
ముందు నేను తుమ్మిన,
నా వెనకనే బీపీ మిషను బుస్సుమన్నది.
తాలుకాయలు ఏరుతున్న ఆడోళ్లంత నవ్విన్రు.

ఓదెమ్మ ముక్కుకు తువ్వాల కట్టుకున్నది.
"అడుగు బిడ్డా, చేతులే ఖాళీ లేవు" అన్నది.
వయసు?
"పెద్దవాన వచ్చిన ఏడు పుట్టిన్నట."
యాభై రెండు అని రాసిన.
నిద్ర ఎన్ని గంటలు?
"నిద్రపోవాల్నా, లెక్కబెట్టుకుంట కూసోవాల్నా?"
గడిలో ఆరు వేసిన.
నా నిద్ర కన్నా అది గంటన్నర ఎక్కువ.

పద్నాలుగో ప్రశ్న:
గత రెండు వారాలలో మీరు ఎంత తరచుగా ఒత్తిడికి లోనయ్యారు?
ఎన్నడూ లేదు. అరుదుగా. అప్పుడప్పుడు. తరచుగా. ఎల్లప్పుడూ.

ఆమె చెయ్యి ఆగింది.
"ఒత్తుడా? కాళ్లొత్తుడా?
నా కాళ్లెవలు ఒత్తుతరే!"
బస్తాల మీదికెల్లి నవ్వు దొర్లింది.
నేనూ నవ్విన.
'ఎన్నడూ లేదు' చుట్టూ సున్నా చుట్టిన.

లేచి పోతుంటే వెనకనుంచి,
నాతోని కాదు, మిరపకాయలతోని అన్నట్టు,
"రందికైతే కొదువ లేదు.
పొద్దుగూకితే చాలు,
రొమ్ము మీద రోలు పెట్టినట్టే."

రంది.
ఈ మాట నేను విననిదా?
మా ఇంట్ల ఉప్పు డబ్బా పక్కనే ఉండే మాట.
చదివినకొద్దీ రంది తీసి ఒత్తిడి పెట్టుకున్న,
పానం తీసి ఆరోగ్యం పెట్టుకున్న.
మా దిక్కు జలుబు చేసినా పానమే బాగుండదు,
పోయేటప్పుడు పోయేదీ పానమే.
ఒక్క మాటల అంతా ఉంటే
దాన్ని నాలుగు పేపర్లు చేసి చదువుతున్న.
ఒకటి బ్యాక్‌లాగ్.

విజయసారథి సారు అద్దాలు నుదుటి మీదికి నెట్టి
"వ్యాలిడేట్ చేసిన ప్రశ్నావళమ్మా,
ఒక్క మాట మార్చినా లెక్క చెడుతది" అన్నడు.
ఆయన తప్పేం లేదు. నాక్కూడా లెక్క కావాలె.
ముప్పై ఆరు మందిల ఇరవై తొమ్మిది మందికి
ఎన్నడూ లేదు.
పట్టిక అందంగ వచ్చింది.
మిర్చి యార్డు ఇంత సుఖంగ ఉన్నదని
దాన్ని చూస్తే గని తెల్వదు.
ఓదెమ్మ ఫారం వెనకకు తిప్పి పెన్సిలుతోని
'రోలు' అని రాసిన.
రబ్బరు మాత్రం దగ్గరే పెట్టుకున్న.

రాత్రి హాస్టల్ల
నా రూమ్మేటు జమున గోడ దిక్కు తిరిగి పండుకున్నది.
జైనూరు అవతల వాళ్ల గూడెం.
మెస్సుకు రాక వారమైంది.
బాత్రూం తలుపు మీద కౌన్సెలింగు నంబరు అంటించి ఉన్నది,
చివరి మూడంకెలు చిరిగిపోయినయి.

ఒత్తిడా అని మొన్న అడిగితే
ఏం లేదక్కా అన్నది.
ఇయ్యాల నాకు దొరికిన కొత్త పాతమాట తీసిన.
"రందా?"

"అది మీ మాట" అన్నది, గోడతోని.

కాజీపేట దిక్కు గూడ్సు పోతున్నది,
ఎంతకూ అయిపోని గూడ్సు.
"మీ మాట చెప్పు మరి."

చెప్పింది. గోండిల, చిన్న మాట.
ముక్కుల మొదలై గొంతుల ఆగింది.
నేను తప్పు పలికిన.
మళ్లా చెప్పింది. మళ్లా తప్పే.
మూడోసారి చెప్పేందుకు ఇటు తిరిగింది.
నవ్వలేదు, ఏడ్వలేదు,
ఇటు తిరిగింది, అంతే.

జామకాయ సంచిలనే మెత్తబడి
ఫారాలకంతా వాసన పట్టింది.
ఆ మాటను ఓ ఫారం అంచు మీద రాయబోయిన,
ఏ అక్షరం కింద ఏ ఒత్తు పెట్టినా
అది అట్ల పలకలేదు.
పొద్దున లేచినంక
మళ్లా అడగాలె.