సొన

ఎగ్జిబిషన్ వాళ్లు ఫారం పంపించారు.
"మీపై ప్రభావాలు" అని ఒక గీత,
"వాడే సామగ్రి" అని ఇంకో గీత,
"పద్ధతి" దగ్గర మాత్రం దయతలచి నాలుగు.

మొదటి గీత మీద మా నాయన పేరు రాసి కొట్టేశాను.
ఆయన ఆర్టిస్టు కాదు, బోర్డు పెయింటరు.
చిత్తూరు బజారులో సగం అంగళ్లకు
కింద కుడి మూల, చీమంత అక్షరాల్లో, "దొర ఆర్ట్స్".
ఫ్లెక్సులొచ్చినాక ఆ మూలలన్నీ పోయాయి.
గ్రీమ్స్‌పేటలో ఒక్క సైకిల్ షాపు మిగిలింది,
అదీ ఓనరు పిసినారి గనక.

ఉర్దూ ముక్క రాదు ఆయనకు.
అయినా మటన్ కొట్టుకు ఉర్దూలో రాశాడు,
టైలరు జిలానీ సిగరెట్టు పెట్టె మీద రాసిచ్చింది చూసుకుంటూ
కుడివైపు నుంచి, చుక్క చుక్కా లెక్కపెట్టుకుని.
ఒక చుక్క ఎక్కువైందని ఎవరో నవ్వితే
ఆ రాత్రే నిచ్చెనేసుకుని పోయి తుడిచొచ్చాడు.
నిచ్చెన పట్టుకున్నది నేనే. టార్చి కూడా.
"అచ్చరం ఎవుడైనా రాస్తాడు పాపా,
సందు వదిలేదే పని" అన్నాడు పైనుంచి.
ఇది ప్రభావమా?
గీత చాల్లేదు.

అమ్మ గుడిపాల దారిలో పల్పు ఫ్యాక్టరీకి పోయేది,
తోతాపురి దిగే రెండు నెలలూ.
తొడిమలు తుంచే వరసలో నిలబెట్టేవాళ్లు.
సొన చిమ్మి చేతుల మీద, మెడ మీద,
ఒకసారి కనురెప్ప మీద, కాలిన మచ్చలు.
జాకెట్టు మీద పడింది మాత్రం ఆ పూటకి కనపడేది కాదు.
ఉతికి, ఆరేసి, మడిచి పెట్టినాక
వారానికెప్పుడో కాఫీ రంగులో బయటపడేది,
ఇంక చచ్చినా పోయేది కాదు.
అమ్మ దాన్ని తిట్టేది.
నేను దాచుకున్నాను.

సామగ్రి: గాడా గుడ్డ. నాయన బ్యానర్లకని తెచ్చి
రాయకుండానే మిగిల్చిన రెండు తానులు.
హార్లిక్స్ సీసా. చేతులకు కొబ్బరినూనె.
ఉడుత వెంట్రుకల బ్రష్షు మొదటి రోజే బంకపట్టి చచ్చింది,
ఇప్పుడు తొడిమతోనే గీస్తాను.
తెల్లారక ముందే బంగారుపాళ్యం దాటి తోటకు పోవాలి.
కాయకు ఒక చుక్క, మహా అయితే రెండు.
కోతగాళ్లకు నేనొక తమాషా:
"కాయలు మనకొదిలి కారేది పట్టుకుంటా ఉండాది చూడబ్బా!"

పద్ధతి: గీసేటప్పుడు ఏమీ కనపడదు.
తడి ఆరేలోగా గీత ఎక్కడ ఆగిందో గుర్తుండాలి.
కరెంటు పోయినప్పుడు అగ్గిపెట్టె తడిమినట్టు
వేలు ఆనించి జిగట వెతుక్కుంటాను.
తర్వాత మిద్దె మీద ఎండ. ఎనిమిది రోజులు, పది.
ఏం గీశానో అప్పుడే నాకూ తెలిసేది.
తప్పులు ఆలస్యంగా వస్తాయి, చుట్టాల్లాగా, సంచులతో సహా.
తుడిచి రావడానికి ఏ నిచ్చెనా అందదు.

పోయినేడు అమ్మ చేతులు గీద్దామని కూర్చున్నాను.
ఎడమ చెయ్యి బాగానే తేలింది.
కుడిచేతికి ఆరు వేళ్లు.
గీసిన వేలే మరిచిపోయి మళ్లీ గీసినట్టున్నాను.
మడిచి అటక మీద వేయబోతుంటే
అమ్మ కళ్లద్దాలు పైకి నెట్టి చూసింది.
"సీజన్లో ఇంకొకటుంటే బాగుణ్ణే అనుకునేదాన్నిలే" అని
పొయ్యి మీద సంగటి కెలకడానికి పోయింది.
ఆ గుడ్డనే పంపుతున్నాను.

ఫారం చివర ఇంకో చిన్న గడి:
"పని పూర్తయిందని ఎప్పుడనుకుంటారు?"
నాయనకైతే లెక్క తేలిక.
అంగడాయన బోర్డు ముందు కర్పూరం వెలిగిస్తే అయిపోయినట్టు
(డబ్బులు మాత్రం మళ్లీ వారం).
నాకు వెలిగించే అంగడాయన లేడు.

సీసాలో పొద్దున పట్టింది అడుగున కొంచెం మిగిలింది.
ఆ గడిలో తొడిమతో ఒక మాట రాసి, కవరు అంటించాను.
మీరు తెరిచేనాటికి ఖాళీగానే ఉంటే
కొన్నాళ్లు కిటికీ పక్కన పెట్టండి.