చిల్లర పద్దు

యార్డు మూసే వేళకి
కాటా పక్కన నా బల్ల మీద
యూరప్ ఎర్రగా ఉంటుంది.
తేజా కాయ దుమ్ము పోర్చుగల్ మీద పడితే
చేత్తో తుడిచాను,
స్పెయిన్ దాకా పాకింది.
హమాలీ మస్తాన్ వలి పటం మీదకి వంగి
గట్టిగా తుమ్మాడు.
"ఇదేంటి గుమాస్తా గారూ, కాలా?"
కాలే. ఇటలీ.
ఆ మడమ దగ్గర పడవెక్కుదామనుకున్నాం,
టికెట్ చూసి మానుకున్నాం.

యార్డుకి వేసవి సెలవులు ముప్పై రోజులు.
పెద్దాసుపత్రిలో సలోమి దాచుకున్నవి ఇరవై ఆరు.
రానూ పోనూ మూడు పోతే
ఇరవై మూడు రోజులు, పదకొండు ఊళ్లు,
పాడుకున్న చీటీ నాలుగు లక్షల ఎనభై వేలు.

పొద్దున్నే క్వింటాలు ధర వస్తుంది,
ఆ వెనకే ఫోన్లో యూరో ధర.
మా షావుకారు మొహం మొదటిదాన్ని బట్టి,
నా మొహం రెండోదాన్ని బట్టి.

ఇరవై ఏళ్లుగా లాట్లు రాస్తున్న చెయ్యి ఇది.
తాలు కాయ ఏరినట్టు ఊళ్లు ఏరాను.
పారిస్‌కి రెండు రాత్రులు చాలు.
జ్యూరిక్‌లో టీ ధర చూసి
పుస్తకం మూసి, బయటికెళ్లి, మన టీ తాగొచ్చాను.
వెనిస్‌ని సలోమి కొట్టేసింది,
మర్నాడు రబ్బరుతో చెరిపింది,
ఆదివారం చర్చి నుంచి వచ్చి మళ్లీ కొట్టేసింది.
కాగితం అక్కడ పల్చబడి
లైటుకి ఎదురు పెడితే
వెనిస్‌లోంచి వెలుతురు కనబడుతోంది.

రాత్రి రైలెక్కితే ఒక గది అద్దె మిగులుతుందని
కనిపెట్టింది నేనే.
వియన్నాలో కన్ను మూసి రోమ్‌లో తెరవడం!
"సీటా, బెర్తా?" అంది.
"సీటే. నరసాపురం బండిలో
తలుపు దగ్గర పేపరేసుకుని కూచోలా మనం?"
"అప్పుడు మోకాళ్లు కొత్తవి" అంది.
బెర్తులు రాశాను.
ప్రాగ్ పోయింది.

కంది పొడి, అటుకులు, నీళ్లు కాచే కెటిలు,
ఆవిడ ఇన్సులిన్ పెట్టె, నా మఫ్లరు
అన్నీ సర్ది
సూట్‌కేసుని మిర్చి కాటా మీదే తూచాను.
ఇరవై రెండు కిలోల ఆరొందలు.
అలవాటుగా గోనె బరువు తీసేయబోయి
నవ్వుకున్నాను.

ఆ రాత్రి బ్రాడీపేటలో కరెంటు పోయింది.
చీకట్లో సలోమి గొంతు:
"అక్కడ ఒంటేలుకీ డబ్బులంటగా?"
అవునట.
"చిల్లరే వెయ్యాలంటగా?"
అవునట.
కాసేపు విసనకర్ర చప్పుడు.
"షుగరొచ్చాక నాకు గంటకోసారి...
నీళ్లు తగ్గించి తాగుతాలే."

ముప్పై ఏళ్లు
ఎవరెవరి మంచాల కింద గిన్నెలో ఎత్తి,
ఎన్ని మిల్లీలీటర్లో
చార్టులో సిగ్గు లేకుండా రాసిన మనిషి.
తన లెక్క చెప్పడానికి
కరెంటు పోయేదాకా ఆగింది.

నేనేం మాట్లాడలేదు.
కరెంటు వచ్చాక పుస్తకం తీసి
చివరి పేజీలో కొత్త పద్దు తెరిచాను.
రోజుకి ఎనిమిది.
ఇరవై మూడు రోజులు.
ఒక్కోదానికి ఒక యూరో, తక్కువైతే మిగులే.
నూట ఎనభై నాలుగు.
పద్దుకి పేరు ఏం పెట్టాలో తోచక
'చిల్లర' అని రాశాను.
కిందకి చూసుకుంటూ వచ్చి
ఆ డబ్బుకి సరిపోయే ఊరు దగ్గర ఆగాను.

పొద్దున్నే మస్తాన్ వలి టిక్కీ దించుతూ
పటంలోకి తొంగి చూశాడు.
వాడికిప్పుడు ఊళ్లన్నీ గుర్తు.
"ఆమ్‌స్టర్‌డామ్‌కేమైంది గుమాస్తా గారూ?
నిన్నటిదాకా ఉందిగా?"

"తేమ ఎక్కువరా" అన్నాను.