పిట్టనోరు

నాలుగేండ్ల సంది షట్టరింగ్ కార్పెంటర్ని.
మేం కట్టెతోని పెట్టె కడితే
కాంక్రీటు వచ్చి అండ్ల పండుకుంటది.
అది గట్టివడ్డనాడు
మమ్మల్నే పిలిచి ఊడగొట్టుమంటరు.
అజ్మాన్ల, షార్జాల ఎన్ని అంతస్తులో!
గిది నాది అని చూపెట్టనీకి
ఒక్క మొల లేదు.

గసొంటోన్ని దిబ్బాకు తోలిండ్రు.
ఒకదిక్కు సముద్రం, ఒకదిక్కు బోడగుట్టలు,
నడుమ ఖర్జూర తోటల అర్బాబు మజ్లిస్.
ఆయన ఏ దేశంల చూసొచ్చిండో ఏమో,
నాలుగు దిక్కులా వాలిన పెంకుల కప్పు కావాలన్నడట.
ఏడాదికి రెండు మాట్ల చినుకు పడే చోట
నీళ్లు జారనీకి వాలు!

వేలుక్కుట్టి ఆశారి నా చేతిలకెల్లి టేపు గుంజుకొని
ప్లైవుడ్ ముక్క మీద గీసిండు.
అడుగున నాలుగు. నిలువున మూడు.
"ఏటవాలు ఎంత?" హిందీల అడిగిండు.

పదో తరగతిల గీ బొమ్మ కాడనే తప్పిన నేను.
అప్పుడది బోర్డు మీది సుద్దగీత,
ఎవని నెత్తి మీదా కప్పు కాలేదు.
ఇప్పుడు తలెత్తి చూస్తే
గోడ మీదికెల్లి వెన్నుకట్టె దాకా
ఉత్త గాలిల కనవడ్డది
అయిదు.

వాసం కిందికొసన, గోడపట్టె మీద కూసునే కాడ
మట్టంగ ఒక కోత, నిలువుగ ఒక కోత.
ఆయన ఏదో పక్షి పేరు చెప్పిండు గని
నేను పిట్టనోరు అనుకున్న.
"మందంల మూడోవంతు దాటి తెరవకు,
నోరు పెద్దదైతే నడుం ఇరుగుతది."

వెన్నుకట్టె మందం ముప్పై ఎనిమిది మిల్లీమీటర్లు.
అది తీసేసి కొయ్యాలె అన్నడు.
తీసేసిన. మొత్తం తీసేసిన.
ఒకటి కోసి, దాన్నే అచ్చు పెట్టి ఎనిమిది కోసిన.
ఎత్తి నిలవెడితే
ఇటు వేలు దూరే సందు, అటు వేలు దూరే సందు,
నడుమ వెన్నుకట్టె
ఎవలికీ అంటకుంట ఊగుతాంది.

ఎనిమిది కట్టెల ఖరీదు, నా పగారుల కోత,
ఆ లెక్కకు మూలమట్టం అక్కెర లేకపాయె.

ఆశారి తిట్టలే.
సులేమానీ చాయ్ చల్లారేదాకా వాటినే చూసి అన్నడు:
"ఇటోడు సగం, అటోడు సగం తగ్గాలె.
ఇద్దరూ మొత్తం తగ్గితే
నడుమ దానికి దిక్కెవలు?"

మూల వాసం లెక్క ఇంకో తీరు.
నాలుగు ఇటు, నాలుగు అటు, మూడు మీదికి.
నలభై ఒకటికి వర్గమూలం.
ఫోన్ల కొట్టి ఆరున్నరకు జరంత తక్కువని చెప్పిన.
ఆయన ఫోను ముట్టలే,
మూలమట్టం కట్టె మీద అడుగులేసుకుంట పోయి
కొసన గోటితోని గుర్తు వెట్టిండు.
టేపు వెట్టి చూస్తే అక్కడ్నే.

దాని పొంటి పిల్ల వాసాలు,
ఒకదానికన్న ఒకటి జానెడు జానెడు కాదు,
సరిగ్గ డెబ్బై ఐదు సెంటీమీటర్లు పొట్టి,
ఫొటోకు నిలవెట్టిన అన్నదమ్ముల లెక్క.
నా ఎనిమిది తప్పులను మళ్లా కోసి
ఆ వరుసల కలిపేసిండు.
ఫోర్మన్ ఎన్నడూ లెక్కవెట్టలే.

గీ కట్టెనన్న ఊడగొట్టరు అనుకున్న.
పదిరోజులకు జిప్సం వాళ్లొచ్చి
కిందికెల్లి తెల్లగ మూసేసిండ్రు.
దీపాలు పెట్టిండ్రు, ఏసీ నోళ్లు పెట్టిండ్రు.
ఆశారి ఎగ్జిట్ మీద పోయిండు,
ఆయన పెన్సిల్ నా చెవి మీద మర్చిపోయిండు,
లేకుంటే మరువలేదో.

డిసెంబర్ల, నీళ్ల ట్యాంకర్ తోలే పఠాన్
దిబ్బాల వాదీ పొంగిందని చెప్పిండు.
"మజ్లిస్ ల?" అన్న.
"చుక్క వడలే" అన్నడు.
ఆ రాత్రి క్యాంపుల మీది మంచం మీద పండుకొని
ఒక్కొక్క చినుకు పొంటి
అయిదు మీటర్లు జారి, చూరు కాడ దుంకి,
మళ్లా పైకెక్కిన.

పొద్దుగాల షార్జా, పన్నెండో అంతస్తు.
కాంక్రీటు గట్టివడ్డదట.
సుత్తె అందుకున్న.
పిట్టనోరు లేని కట్టె,
ఒక్క దెబ్బకే ఊడొచ్చింది.