అప్పు పుస్తకం

మిల్డ్యూరాలో ఫిబ్రవరి అంటే
ఇనుప గేటు ముట్టుకుంటే చెయ్యి చురుక్కుమనడం.
బడి తెరిచిన మూడో వారానికే విభూది బుధవారం.
ఫాదర్ పూసిన బూడిద చెమటకి కరిగి
ముక్కు మీదుగా కారుతుంటే
ఒక పిల్ల టిష్యూ తెచ్చిచ్చింది:
"మిస్ తుమ్మా, మీ మొహం మాసింది."

కొత్త టీచర్లకి మిసెస్ హానిగన్
తలా ఒక నల్లట్ట నోటుబుక్కు పంచింది.
ప్రతి శుక్రవారం సాయంత్రం, ఏసీ గురక మధ్య,
ఒకటే ప్రశ్న:
ఈ వారం దేవుణ్ణి ఎక్కడ చూశావు?

మొదటి వారం రాశాను: నది మీద పొద్దుగూకడంలో.
రెండో వారం: పిల్లల నవ్వుల్లో.
మూడో వారం పక్క టీచర్ కూడా నవ్వుల్లోనే చూసిందట.
ఆవిడ ఏమీ అనలేదు. టీ పోసింది.
అనకపోవడమే గుచ్చుకుంది.

నాలుగో వారం, మంగళవారం, లంచ్ తర్వాత
సెమిసి మళ్ళీ బల్ల మీద తల వాల్చేశాడు.
భిన్నాల పాఠం. బయట నలభై డిగ్రీలు.
"లే!" అన్నాను.
అన్నది నేను కాదు.
ఫిరంగిపురంలో చింతబరికెతో జపాలు నేర్పిన
మా ఉపదేశి బాలశౌరి మాస్టారు
ఇరవై ఏళ్ళుగా నా గొంతులో కాపురముండి
ఆ పూట తలుపు తీసుకుని బయటికొచ్చాడు.
ఇంగ్లీషులోనే వచ్చాడు.
పెన్సిళ్ళన్నీ ఆగిపోయాయి.
వాడు ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది.
నిటారుగా కూచుని గంట కొట్టేదాకా
రెప్ప వేయకుండా బోర్డు చూశాడు.

ఎవరూ చెప్పలేదు, వాడి చొక్కా జేబు చెప్పింది
నిండా ద్రాక్ష తొడిమలతో.
కోతల కాలం. ఎండ ఎక్కకముందే, చీకట్లో నాలుగింటికి
ఇల్లంతా తోటకి పోతుంది.
ఎనిమిదేళ్ళవాణ్ణి ఒంటరిగా ఎవరుంచుతారు?
ట్రేల పక్కన నిలబడి టార్చిలైటు పట్టుకుంటాడు.

బుధవారం పొద్దున ప్రార్థన నా వంతు.
నోరు ఇంగ్లీషులో నడుస్తున్నా
పరలోక జపం నాకు లోపల తెలుగే ముందు నడుస్తుంది.
వాళ్ళ మాటలో అది హద్దు దాటడం.
మా జపంలో అది అప్పు.
కిరాణా కొట్లో పద్దులాంటి అప్పు.
ఆ మాట దగ్గర ఆగిపోయాను.
ఇరవై నాలుగు గొంతులు నన్ను దాటి ఆమెన్ దాకా వెళ్ళి
అక్కడ నాకోసం నిలబడ్డాయి.

ఆటల వేళ గట్టు మీద వాడి పక్కన కూచున్నాను.
"నిన్న నీ మీద అరిచాను. తప్పు నాది. మన్నిస్తావా?"
చాలాసేపు బూటు కొనతో మట్టి గీకాడు.
"మా అమ్మ ఇంకా గట్టిగా అరుస్తుంది మిస్"
అన్నాడు, నన్ను ఓదార్చడానికి.
మన్నించానని మాత్రం అనలేదు.
జేబులోంచి నలిగిన ఎండుద్రాక్షలు నాలుగు తీసి
రెండు నా చేతిలో పెట్టాడు.
సరిగ్గా సగం. వీడికి భిన్నాలు రావని ఎవరన్నారు?
నూలుపోగులు అంటుకుని ఉన్నాయి.
అలాగే తిన్నాను.

శుక్రవారం నల్లట్ట తెరిచి తెలుగులో రాశాను:
సెమిసికి బాకీ
రెండు ఎండుద్రాక్షలు, ఒక నిద్ర.
మిసెస్ హానిగన్ పేజీ అటూ ఇటూ తిప్పి చూసింది.
"చదివి చెప్పనా?"
"వద్దు" అంది. "ఇది నాకోసం రాసింది కాదుగా."

బడి వెనక ఒక వాటిల్ చెట్టుంది.
మా ఇంటిపేరు చెట్టుకి దాయాదే, ముళ్ళు మాత్రం లేవు.
పూతకి ఇంకా ఆరు నెలలట.
దాని కింద, వ్యాను రావాల్సిన చోట,
సంచీ తలకింద పెట్టుకుని వాడు నిద్రపోతున్నాడు.
లేపలేదు.
ఎండ జరిగినప్పుడల్లా
నేనూ కాస్త జరిగి నిలబడ్డాను.