ఎడమకి లాగుతోంది

లారీ చక్రాలు సరిచేసేవాణ్ణి నేను.
కందుకూరు బైపాసులో, వేబ్రిడ్జి పక్కన.
టైరు ఏ అంచున అరిగిందో వేళ్లతో తడిమి
డ్రైవరు ఏ చేత్తో బీడీ కాలుస్తాడో చెప్పగలను.

మాల్యాద్రి వచ్చి "ఎడమకి లాగుతోందన్నా" అన్నప్పుడు
"ఏ బండి?" అన్నాను.
కాసేపు చెప్పులకేసి చూసుకుని
"రెక్కలది" అన్నాడు.

ఉలవపాడులో మామిడికాయలు ఏరే షెడ్డు.
సీజను అయిపోయింది, గడ్డి వాసన పోలేదు.
ఖాళీ పెట్టెల మధ్య, తోక ఒక పెట్టె మీద ఆనించుకుని
గొట్టాలూ గుడ్డా కలిసిన పెద్ద తూనీగ.
కింద స్కూటరు చక్రాలు రెండు.
ఆరేళ్లు పట్టిందట. ఐటీఐలో ఫిట్టరు పాఠం చెప్పిన చేతులు.
పోయిన ఆదివారం, కరేడు వైపు చవిటినేలలో
మొదటిసారి లేచిందట.
"గేదె ఎత్తున, అంతే. మళ్లీ దిగింది.
దిగడం కాదులే. పడింది."

పడిన గుర్తు ఎడమ కాలి మీదుంది.
కుదుపు మింగడానికి చుట్టిన రబ్బరు తాళ్లు
కొబ్బరిపీచులా విడిపోయాయి.
కొత్తవి లాగి చుట్టడానికి
నాలుగు చేతులు పట్టాయి, నా బూతులు కొన్ని.

నాకు వచ్చిన విద్య ఒకటే:
ముందు దూరం, వెనక దూరం, పక్కన దారం.
లారీ చక్రాలు ముక్కులు కాస్త లోపలికి పెట్టుకుంటే
రోడ్డు మీద బుద్ధిగా పోతాయి.
అట్లాగే తిప్పబోయాను.
మాల్యాద్రి నా మణికట్టు పట్టుకున్నాడు.
"దీనికి ఆ బుద్ధి పనికిరాదన్నా. బరువు వెనకుంది.
కాస్త పక్కకి తిరిగిందా,
బరువు మోసే చక్రం ఇంకా అటే తోస్తది.
తోక పట్టుకోబోయిన కుక్కలాగా గిర్రున తిరగద్ది.
సమంగా ఉండాల. లేదంటే వెంట్రుకంత బయటికి."

ముప్పై ఏళ్ల విద్యని
వెంట్రుకంత బయటికి తిప్పుకున్నాను.

ఖాళీ బండి కొలత అబద్ధం.
మనిషి కూర్చుంటేనే కాళ్లు విచ్చుకుంటాయి.
కూర్చోవలసినాయన కింద దారం పట్టుకుని ఉన్నాడు.
అందుకని వాళ్లావిడ చెంచులక్ష్మమ్మని పిలిచాడు.
ఇద్దరిదీ అరవైరెండు కేజీలేనట,
ఉప్పు కాటా మీద తూచుకున్నారట.
ఆమె కుచ్చిళ్లు దోపుకుని ఎక్కి
చేట ఒళ్లో పెట్టుకుని కూర్చుంది,
చింతపండులో గింజలు తీస్తూ.

చక్రాల కింద రేకులు, రేకుల మధ్య గ్రీజు.
కుదిపి వదిలాం.
ముందు నూట నలభై రెండు. వెనకా అంతే.
మళ్లీ చూస్తే తేడా. మళ్లీ చూస్తే ఇంకో తేడా.
నేను టేపుని తిట్టాను. ఆయన నేలని తిట్టాడు.
అప్పుడు తలెత్తి చూశాను:
గింజ తీసినప్పుడల్లా ఆమె ఎడమకి వంగి
కింద పారేస్తోంది.

"కదలమాక మే" అన్నాడాయన.

ఆమె చెయ్యి ఆపలేదు.
"పోయినాదివారం నేను ఎడం గట్టున నిలబడుంటిని గదా.
ఎటు చూస్తా ఉన్న్యావు నువ్వు?"

దారం వదులైంది. ఏ కొస నించో తెలీదు.

అయినా ఇరుసు వెనక పల్చటి బిళ్ల ఒకటి దూర్చాం.
నట్టు బిగించి, పిన్ను రెండు కొమ్ములూ విడదీసి వంచాం.
డబ్బులు తీసుకోలేదు నేను.
గింజలు తీసిన చింతపండు ఒక పొట్లం ఇచ్చింది.

సోమవారం చీమకుర్తి రాళ్ల లారీ వచ్చి ఆగింది.
"ఎడమకి లాగుతోంది" అన్నాడు డ్రైవరు.
జాకీ పెట్టేముందు
అతని మొహంకేసి ఒకసారి చూశాను.