ఉప్పు తగ్గియ్యి

సిత్రాలో శుక్రవారం పొద్దున
క్యాంపు మెట్ల కింద ప్లాస్టిక్ కుర్చీ ఏసుకొని
లస్మన్న కూసునేటోడు.
ఒళ్లో బీపీ మిషను,
కాళ్ల దగ్గర ఖాళీ బిర్యానీ డబ్బాల్లో
మడ మొలకలు.

డాక్టరు కాదు. లాండ్రీల ఇస్త్రీ.
ఇరవై ఆరేండ్లు ఎవరెవరివో తెల్లటి తోబులకు
ఆవిరి పట్టీ పట్టీ
అరచేతుల గీతలన్నీ చెరిగిపోయినయ్.
జాతకం చూపిద్దామన్నా ఏం మిగల్లేదని
తనే నవ్వేటోడు, చప్పుడు లేకుండ.

"తొక్కు తింటున్నవా?"
ఎవరికైనా అదే మొదటి ప్రశ్న.
అబద్ధం చెప్తే మిషను దిక్కు చూసేటోడు
మన దిక్కు కాదు.

ఎండ ముదరకముందే వ్యానెక్కించి
తుబ్లీ తీరానికి తోల్కపోయేటోడు.
ఆటు వేళ. మోకాలి లోతు బురద.
పెన్సిళ్లు గుచ్చినట్టు పైకి లేచిన వేర్లు.
ఆకు తెంపకుండనే కొమ్మ వంచి
నాలిక పెట్టి చూడమనేటోడు.
ఉప్పు.
"సముద్రం తాగి, అక్కరలేనిది ఆకు మీదికి తోసేస్తది.
నీకా ఉపాయం లేదు సాయిలూ,
ఉప్పు తగ్గియ్యి."

గాలం తీగలు చిక్కుకున్న మొక్క దొరికితే
ఇగ మాటలుండవు.
నిద్రపోతున్న పిల్ల జడ విప్పినట్టు
ఒక్కొక్క పోగు. గంటైనా సరే.
మాకు ఆకలైతుండేది.

ఒకసారి ఎవరిదో బుల్డోజరొచ్చింది.
మేం నాటిన మూడు వరసలు మట్టి కిందికి పోయినయ్.
మేం తిట్టినం.
ఆయన డ్రైవరుకు నీళ్ల సీసా ఇచ్చి
చెయ్యి చాపమన్నడు.
నూటా డెబ్బై.
పై శుక్రవారం ఆ పఠాన్ గుల్జమాన్
మా లైన్ల నిలబడ్డడు, సిగ్గుపడుతూ,
చేతుల రెండు మొక్కలతోటి.

ఆగస్టుల పోయిండు లస్మన్న.
సగం ఇస్త్రీ అయిన తోబు బల్ల మీద అట్లనే ఉంది.

దిండు కింద నోటుబుక్కు.
రూం పద్నాలుగు సాయిలు, నూటా అరవై.
మూడో వరస ఏడోది, రెండాకులు.
గుల్జమాన్, కొంచెం దిగింది.
పదకొండోది పోయింది.
గంగాధర్, నిద్ర లేదు, బాకీ.
మనుషులకో పేజీ, మొక్కలకో పేజీ
ఆయన పెట్టలే.

పెట్టెల పంపే అంగీకి ఇస్త్రీ చేసింది నేను.
కాలరు కుదరలే.
నీళ్లు చల్లి మళ్ల చేసినా కుదరలే.
అట్లనే తొడిగిచ్చినం.

ఇప్పుడు మిషను నా దగ్గరుంది.
పట్టీ అంటుకోదు, దారంతో కడుతున్న.
తొమ్మిదేండ్ల నుంచి ఈ దేశంల
ఆ పట్టీ బిగిసే కొన్ని క్షణాలే
ఎవరో నా చెయ్యి పట్టుకున్నట్టుండేది.
ఆ ముచ్చట ఆయనకు చెప్పనే లేదు.

నిన్న కొత్త పిలగాడొచ్చిండు,
కడెం దిక్కు, ఇంకా మీసం సరిగ రాలే.
చెయ్యి చాపి కండ్లు మూసుకున్నడు.
గాలి వదలడానికి నేను తొందరపడలే.
వాని వేళ్లకు మామిడి తొక్కు వాసన.
అడగాలె.
జరసేపు ఆగి అడుగుత.